పడుగు గంజిలోని మెతుకులు

యుద్ధం రోజుల్లో, నూలు దొరక్క పటమటలో సగం మగ్గాలు మూలపడ్డ ఏడు, మా ఆయనకు టైఫాయిడ్ వచ్చింది. ఇరవై రెండు రోజులు మంచం దిగలేదు. జ్వరం విడిచాక బెజవాడ నుంచి డాక్టరుగారు జట్కాలో వచ్చి, పొట్ట నొక్కి చూసి, మా అత్తగారిని కూర్చోబెట్టి చెప్పారు.

"పేగంటే ఒంటిపొర గొట్టం కాదమ్మా. లోపలి పొర కొత్త తువ్వాలు మీద నూగులా ఉంటుంది. తిన్నదాంట్లో సారం పీల్చేది అదే. దాని వెనక కండ, పిండుతూ ముందుకు తోస్తుంది. పైన పల్చటి పొర. ఈ జ్వరం లోపలి పొరని పుళ్ళు పుళ్ళు చేసేసింది. కొన్నిచోట్ల ఆ పైపొర ఒక్కటే మిగిలుంటుంది. ఇప్పుడు అన్నం పెట్టారో, చిరుగుతుంది. ఇంకో పది రోజులు బార్లీ నీళ్ళు, పల్చటి మజ్జిగ. మెతుకు తగలకూడదు."

జ్వరం విడిచిన మూడోనాడు పథ్యమని ఇంత అన్నం పెట్టడం మా ఇళ్ళలో ఆచారం. అత్తగారు దాన్ని కూడా పక్కన పెట్టేసింది. పుట్టి బుద్ధెరిగాక బట్ట తప్ప మరోటి ఎరగని మనిషి, చిరుగంటే ఏమిటో ఆవిడకు తెలుసు. వంటింటి గడపలో కూర్చుని కాపలా కాసింది. నాకు ఒళ్ళు మండిపోయేది. "మీరసలు కన్నతల్లేనా అత్తయ్యా?" అని ఒకరోజు మొహం మీదే అనేశాను. ఆవిడ గడప మాత్రం వదల్లేదు.

ఆరోనాడు ఎక్కడో కాస్త నూలు దొరికింది. పడుగు దారాలకు పట్టించడానికి పెరట్లో బియ్యం గంజి కాచాను. ఆ వాసనకు ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు.

"ఒక్క ముద్ద పెట్టవే. నీకు దణ్ణం పెడతా" అన్నారు. నిజంగానే చేతులు జోడించారు.

అత్తగారు నూతి దగ్గరుంది. దారాలకు పూసే గంజి, ఉడికి ఉడికి జావైపోయింది, ఇది అన్నమెలా అవుతుంది అనుకున్నాను. ఎంత తెలివో నాది! దాక అడుగున చిక్కగా ఉన్నది గరిటెతో తీసి, ఉప్పు వేసి, చింతకాయ పచ్చడి నంజుకోవడానికి పెట్టి తినిపించాను. ముద్ద కాదు, గిన్నెడు. గిన్నె వేలితో తుడుచుకుని మరీ నాకారు. అన్నాళ్ళకు ఆయన నవ్వడం చూశాను.

మర్నాడు పొద్దున్నే నొప్పి మొదలైంది. మధ్యాహ్నానికి పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది. డాక్టరుగారు చెయ్యి వేసి చూసి వెంటనే తీసేశారు.

"పేగు చిల్లు పడింది. కోసి కుట్టడానికి ఈ ఒంట్లో సత్తువేదీ? అన్నం ఎవరు పెట్టారు?" అని అరిచారు.

అత్తగారు నా వంక ఒక్కసారి చూసింది. పెరట్లో ఎంగిలి గిన్నె ఆవిడ కంట పడే ఉంటుంది.

"నేనేనండీ. వాడలా అడుగుతుంటే చూడలేకపోయా" అంది.

ఆ రాత్రి గడవకుండానే ఆయన పోయారు. చేజేతులా కొడుకుని పొట్టన పెట్టుకుందని వీధి వీధంతా అంది. ఆ మాట పడుతూనే ఆవిడ పదకొండేళ్ళు బతికింది. ఆ పదకొండేళ్ళలో ఒక్కరోజున, ఒక్కరితోనైనా, ఆవిడ కాదు నేను అని నేను చెప్పలేదు.