యూరియా సంచి కొప్పెర

2011 సెప్టెంబరు 20, ఉదయం 6.40. తెలంగాణ సకల జనుల సమ్మెతో బస్సులు లేవు. కౌడిపల్లిలో ఆయాసపడుతున్న అక్క కోసం తొమ్మిది ఉబ్బసం మందు పొట్లాలు జేబులో పెట్టుకుని, మెదక్‌ నుండి వానలో నడక ప్రారంభించాను. కొత్త రబ్బరు రెయిన్‌కోటు బరువుకు భుజాలు పీకాయి. గాలికి దాని అంచులు మోకాళ్లను బాదాయి. గంటకే విసిగి దారిపక్క షెల్టరులో ఆగాను. అక్కడ నిలబడిన రైతు స్త్రీ నన్ను చూసి నవ్వింది.

"వాన బయట పడుతుంటే మీరు లోపల కురుస్తున్నరేంది, సారూ?"

జేబు తడిమాను. చెమటకు రెండు పొట్లాలు ముద్దయ్యాయి.

"గా బరువు ఈడనే పడేయుండ్రి" అంటూ ఆమె తన ఖాళీ యూరియా సంచి మూలను రెండో మూలలోకి దూర్చి, కొప్పెర చేసి నా తలపై వేసి, నడుము దగ్గర తాడు కట్టింది. "పొట్లాలు కొప్పెర కొసల పెట్టుండ్రి. ఆడ చెమట తగలది."

"మరి మీకు?"

"నా ఇల్లు గదే. ఉర్కుత."

మధ్యాహ్నం 12.10కి చేరాను. పోయినవి: రెండు పొట్లాలు, మూడు వందల యాభై రూపాయల కోటు. దక్కినవి: పొడిగా ఏడు పొట్లాలు, సంచి, అక్క.