శనివారం పూట ఆవకాయ కత్తి కోసం

విజయవాడ బస్టాండులో పామర్రు మీదుగా బందరు వెళ్ళే బస్సు ఎక్కేసరికి ఉదయం ఏడు కావస్తోంది. మే నెల కదా, అప్పటికే కిటికీ ఊచ పట్టుకుంటే చురుక్కుమంటోంది. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు. ఆడవాళ్ళకి ఉచితం పెట్టాక ఈ దారిలో సీటు దొరకడమే గొప్ప. నాకు ఎడమవైపు కిటికీ పక్కన దొరికింది. ఎండ మొహం మీదే పడుతుందని బెంజి సర్కిల్ దాటాక గానీ తెలియలేదు.

నేను వెళ్తున్నది ఒక కత్తి కోసం. నాకు కత్తుల పిచ్చి ఉంది. కూరగాయల చాకులు కావు, అవసరానికి మించిన బలంతో చేసిన మొద్దు కత్తులు. పావంగుళం మందం పలక ఉండాలి. పిడి చివరిదాకా ఒకే ఇనుము నడవాలి. మడత కత్తి అయితే తెరవగానే లాకు టక్కున పడాలి, ఆ చప్పుడు వింటే నాకు కడుపు నిండుతుంది. ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకునేదానివి, ఇవెందుకని మావారు మొదట్లో అడిగేవారు. ఇప్పుడు కొత్తది వచ్చినప్పుడల్లా "యుద్ధం ఎప్పుడు?" అని మాత్రం అడుగుతారు. వీటితో చెట్లు నరకొచ్చని అమ్మేవాళ్ళు రాస్తారు. నిజం చెప్పొద్దూ, బీరువాలో పట్టుచీరల కింద ఉన్న నా కత్తులు ఇంతవరకు కోసినవి కొరియర్ అట్టపెట్టెలే. ఆ పెట్టెల్లో వచ్చినవీ కత్తులే.

ఈ ప్రయాణానికి కారణం నా నోటి దురదే. మా అత్తయ్యగారు ఏటా ఆవకాయకి కాయలు ఇంట్లోనే కొట్టిస్తారు. బజార్లో అందరి కాయలూ ఒకే మొద్దు మీద పడతాయి, ఎవరి తడి మన ముక్కకి అంటుతుందో అని ఆవిడ భయం. ఏటా వచ్చి కొట్టే మనిషి ఈసారి ఊళ్ళో లేడు. నేనున్నానుగా, నా కత్తులున్నాయిగా అన్నాను. బుధవారం తోపుడుబండి మీద ఒక కాయ కొని, అన్నిట్లోకీ బరువైన కత్తిని దాని మీద పెట్టి, వెనకనుంచి రోకలితో ఒక్కటిచ్చాను. కాయ తెగలేదు, పేలింది. సగం చెక్క ఫ్రిజ్ కిందికి పోయింది. టెంక పొడిపొడి అయింది. ఆవకాయ ముక్కకి టెంక అంటుకుని ఉండాలి, లేకపోతే ముక్క మెత్తబడిపోతుంది. అత్తయ్యగారు నా కత్తిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది కత్తి కాదమ్మా, గునపం. దాచుకో" అన్నారు.

తర్వాత ఎటో చూస్తూ, "మా నాన్నగారు చేయించిన ఆవకాయ కత్తి అక్క దగ్గరుంది. వెళ్ళి అడిగి తీసుకురా" అన్నారు.

అక్క అంటే మా పెద్దత్తయ్య. పామర్రు దగ్గర పల్లెలో ఉంటారు. అక్కచెల్లెళ్ళిద్దరూ ఏటా కలిసే ఆవకాయ పెట్టేవారు. మూడేళ్ళ కిందట వెల్లుల్లి దగ్గర మాటా మాటా పెరిగింది. వెల్లుల్లి పడని ఆవకాయ ఆవకాయే కాదని ఆవిడ, వెల్లుల్లి పడిన జాడీ నా గడప తొక్కదని ఈవిడ. అప్పట్నుంచి ఫోన్లో "బావున్నావా, బావున్నాను" తప్ప రాకపోకలు లేవు. కత్తి మాట తను ఫోన్లో అడగకుండా నన్ను పంపుతున్నది అందుకే అనుకున్నాను.

వేసవి సెలవులే కాబట్టి గురువారం వెళ్తానన్నాను. అత్తయ్యగారు వడగాడ్పులన్నారు. శుక్రవారం వెళ్తానన్నాను. శుక్రవారం ఇంటి కోడలు ఊరెళ్ళడమేమిటన్నారు. అలా శనివారం తేలింది. ఈలోగా నూజివీడు కాయలు రెండు గోనెలు దిగాయి. ఈ ఎండలకి సోమవారానికల్లా మెత్తబడతాయి. ఆదివారం కొట్టి తీరాలి, అంటే శనివారం కత్తి ఇంటికి రావాలి.

కంకిపాడు దాటాక నా పక్కావిడతో మాట కలిసింది. ఆవిడది మంగళగిరి. సొంత మగ్గాల చీరలు బందరు కొట్లకి వేసి వస్తుందట. ముందు సీటావిడ చీరలు చూస్తానంటే మూట విప్పబోయింది. ముడి మొండికేసింది. నేను హ్యాండ్‌బ్యాగులోంచి మడత కత్తి తీసి టక్కున తెరిచి, తాడు తెంపి పెట్టాను. అట్టపెట్టె కానిదాన్ని నా కత్తి కోయడం అదే మొదలు.

"అమ్మో! బ్యాగులో ఇంత కత్తా అండీ?" అందావిడ వెనక్కి జరిగి.

నేను వెళ్తున్న పని గర్వంగా చెప్పాను. ఆవిడ చీర మడతపెడుతూ, "శనివారం ఎవరన్నా ఇనుము తెచ్చుకుంటారా అండీ?" అంది. ఇనుముకి వారాలు తెలియవండీ అని నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. ముందు సీటావిడ మాత్రం ఉయ్యూరు వచ్చేలోపు నీలం అంచు చీర తీసేసుకుంది.

ఎనిమిదిన్నరకి పామర్రులో దిగాను. బస్సులు ఆగేచోటికి ఎదురుగా ఉన్న హోటల్లో పెసరట్టు బావుంది, అల్లం పచ్చడి ఇంకా బావుంది. అక్కణ్ణుంచి పల్లెకి షేర్ ఆటో. కాలవలు కట్టేసిన కాలం కాబట్టి చేలన్నీ ఎండి, గడ్డివాములు తప్ప కంటికి ఆనేదేమీ లేదు. పెద్దత్తయ్య ఇల్లు ఎరువుల కొట్టు వెనకే. ఆ కొట్టు వాళ్ళబ్బాయిదే.

డెబ్బై దాటినా ఆవిడ నిటారుగా నడుస్తారు. విషయం చెప్పగానే లోపలికెళ్ళి, గోనెపట్టా చుట్టిన కత్తిని తెచ్చి వరండాలో దించారు. పట్టా తీశాక దగ్గరికి జరిగి చూశాను. జానెడు వెడల్పు చింతచెక్క పీట. దానికి ఒక చివర రెండు ఇనప చెవులు, వాటి మధ్య బొటనవేలంత మేకు. ఆ మేకుకి బిగించిన మూరెడు కత్తి పైకి లేస్తుంది, కిందికి పడుతుంది. లారీ కమాను ఇనుముతో చేయించారట. చూడబోతే ఇదీ మడత కత్తే! నేను విదేశాల వీడియోల్లో వెతుక్కుంటున్న మొద్దు మడత కత్తి మా అత్తగారి అక్కగారింట్లోనే ఉంది.

పెద్దత్తయ్య ఒక కాయ పెట్టి ఒక్క వేటు వేశారు. రెండు చెక్కలూ పీట మీదే ఉన్నాయి, రెండింటికీ టెంక అంటుకునే ఉంది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, కొట్టాను కూడా.

"అయితే పట్టుకెళ్ళనా పెద్దత్తయ్యా?"

"ఇవాళెలా ఇస్తానే? శనివారం ఇనుము గడప దాటిస్తారా ఎవరైనా?"

చీరలావిడ మొహం గుర్తొచ్చింది. రెండు గోనెల కాయలు కళ్ళముందు మెత్తబడిపోతున్నాయి. బతిమాలాను. అద్దెకనుకోండన్నాను. మీవాడి కొట్లో ఇవాళ గునపాలు అమ్మట్లేదా అని లా పాయింటు కూడా తీశాను. "అది కొట్టు, ఇది ఇల్లు" అన్నారు. చివరికి వాళ్ళ కోడలు అన్నానికి లేవమంది. ముద్దపప్పు, వెల్లుల్లి ఘుమాయించే ఆవకాయ. దిగులుగానే రెండుసార్లు వడ్డించుకున్నాను.

భోజనాలయ్యాక పెద్దత్తయ్య, "ఏదీ, నీ కత్తి చూపించు" అన్నారు. మడత కత్తి చాప మీద పెట్టాను. ఆవిడ తెరిచారు. టక్. మూశారు. మళ్ళీ తెరిచారు. టక్. "భలే ఉందే!" అని చిన్నపిల్లలా నవ్వారు. "దీంతో ఏం కోస్తావు?"

"అట్టపెట్టెలు."

"ఇదిస్తే దీన్నీ బీరువాలోనే పెడతావా?"

"లేదు పెద్దత్తయ్యా. ఏటా నేనే కాయలు కొడతాను. మీరు నేర్పితే."

ఆవిడ లేచి లోపలికెళ్ళారు. వచ్చేసరికి గంజిపెట్టిన చీర, చేతిలో బట్టల సంచి.

"ఇనుము ఇవ్వకూడదు గానీ, నా వస్తువు నా వెంట రాకూడదని ఎక్కడా లేదుగా. పద" అన్నారు.

రెండున్నరకి పామర్రులో బస్సెక్కాం. ఎక్కేటప్పుడు మూట అందుకోబోతే చెయ్యి వెనక్కి లాగేసుకున్నారు. కత్తి చేతి నుంచి చేతికిస్తే పోట్లాటలొస్తాయట. మెట్టు మీద పెట్టారు, నేను తీసుకున్నాను. కండక్టరు మూట చూసి, "ఏంటమ్మా అది, ఇంత బరువుంది?" అన్నాడు. "ఆవకాయ" అన్నారావిడ తడుముకోకుండా.

ఉయ్యూరు దగ్గర అత్తయ్యగారి ఫోను. కత్తి దొరికిందా అని అడుగుతారనుకున్నాను.

"అక్కని కుడివైపు కూర్చోబెట్టావా? ఎడమవైపు ఎండ కొడుతుంది" అన్నారు.

ఆవిడ వస్తున్న సంగతి నేనింకా చెప్పనేలేదు. నేను తేరుకునేలోపే, "వెల్లుల్లి ఒలిచి పెట్టానని చెప్పు. ఒక్క జాడీకే, అని కూడా చెప్పు" అని పెట్టేశారు.

"మీరు గానీ ఫోన్ చేశారా పెద్దత్తయ్యా?"

"నేనెందుకు చేస్తాను? నిన్ను శనివారం పంపిందంటేనే తెలియట్లా? మా నాన్నగారింట్లో శనివారం సూది కూడా బయటికెళ్ళేది కాదు. అది దానికి తెలియదా?"

వెల్లుల్లి మాట కూడా చెప్పాను. ఆవిడ కిటికీ వైపు తిరిగారు. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఒక్క జాడీనా? రెండు పెట్టిస్తా చూడు" అన్నారు. నాకు నవ్వూ, ఏడుపూ కలిసే వచ్చాయి. వడగాడ్పులూ శుక్రవారాలూ అన్నీ అప్పుడు అర్థమయ్యాయి. మూడేళ్ళుగా రమ్మనలేని చెల్లెలూ, పిలవందే రాలేని అక్కా కలిసి నన్ను బస్సెక్కించారు.

"మరి కత్తి నాకేనా?" అని అడిగాను, నా స్వార్థం నాది కాబట్టి.

"రేపు ఆదివారం. కింద పెడతాను, తీసుకో. ఆ టక్కుమనేది నువ్వూ కింద పెట్టు" అన్నారు. పెనమలూరు దాటేదాకా దాన్ని తెరుస్తూ మూస్తూనే ఉన్నారు.

ఆ వైపు వెళ్ళదలచినవాళ్ళకి నేను చెప్పగలిగింది కొంచెమే. పామర్రులో పెసరట్టు వదలొద్దు. ఇనుము కావాలంటే శనివారం వెళ్ళకండి, మనిషి కావాలంటే శనివారమే వెళ్ళండి. బస్సులో మాత్రం రెండు పూటలా కుడివైపే కూర్చోండి.