ఎస్తేరు మేడమ్ గొంతు పోయిన ఏడాది

కర్నూలులో నేను పాఠం చెప్పే డిగ్రీ కాలేజీలో నిన్న పిల్లలు బెంచీలు ఎదురెదురుగా జరుపుకుంటుంటే, నాపరాళ్ల నేల మీద ఇనుప కాళ్లు గీరుకున్న చప్పుడుకు ఒళ్లు ఝల్లుమంది. ఆ చప్పుడు వింటే నాకు కడపలో ఎమ్మెస్సీ లెక్కలు చదివిన రోజులు, మాకు పాఠం చెప్పిన ఎస్తేరు మేడమ్ గుర్తుకొస్తారు. ఆమె కూలి పనికి వెళ్లే ఇంట్లో పుట్టారు. చర్చి బడిలో తోటి పిల్లలు చెబితేనే తనకు లెక్కలు వచ్చాయని దాచకుండా చెప్పేవారు.

మమ్మల్నీ ఆమె బెంచీలు ఎదురెదురుగా జరిపించి నలుగురేసి కూర్చోబెట్టేవారు. లెక్క కలిసి చేయాలి. బోర్డు దగ్గరికి ఎవరిని పిలుస్తారో తెలియదు. పిలిచినవాళ్లు చెప్పలేకపోతే నలుగురికీ మార్కులు పోతాయి. చాలామందికి అది గిట్టలేదు. పత్తికొండలో తెలుగు మీడియం చదివి వచ్చిన నేను ఒకరోజు బోర్డు ముందు కొయ్యబారిపోయాను. మా గుంపులోనే ఉన్న ప్రతాప్, తరగతిలో అందరికన్నా చురుకైనవాడు, లేచి నిలబడ్డాడు.

"ఈయమ్మికి రాకపోతే నా మార్కులు యాల పోవాల మేడమ్? చెప్పాల్సింది మీరు గదా?"

ఆమె కోప్పడలేదు. "ఆయమ్మి యాడ ఆగిపోయిందో చెప్పు ప్రతాప్."

అతను చెప్పలేకపోయాడు.

"దినామూ పక్కనే కూచుంటాండావు గదప్పా," అన్నారు మేడమ్, మెల్లగా.

మరునాడు అతను మొహం ముడుచుకునే వచ్చి, నేను ఎక్కడ ఆగిపోయానో అడిగాడు. నాకు తెలియనిది లెక్క కాదని, అందులోని ఒక ఇంగ్లీషు మాట అని అప్పుడు ఇద్దరికీ తెలిసింది.

దసరా సెలవుల్లో మేడమ్ గొంతుకు ఆపరేషన్ జరిగింది. క్యాన్సర్. తిరిగి వచ్చేసరికి మాట లేదు. కొత్త లెక్చరర్‌ను వేస్తామని విభాగాధిపతి చెబితే ప్రతాపే అడ్డుపడ్డాడు.

"వద్దు సార్. మేడమ్‌ను ఈడే కూచోనీండి. మేమే చెప్పుకుంటాం. తప్పుంటే చెయ్యెత్తుతారు."

"పరీక్ష పోతే?"

"పోతే అందరం పోతాం సార్."

ఆ ఏడాదంతా ఆమె కిటికీ పక్కన కూర్చుని మా పాఠాలు విన్నారు. నేను మొదటిసారి ఒక సిద్ధాంతాన్ని ఆసాంతం, సగం తెలుగులో సగం ఇంగ్లీషులో చెప్పిన రోజు, ఆమె లేచి వచ్చి సుద్దముక్కతో బోర్డు మీద 'నాకు అర్థమైంది' అని రాశారు.

పరీక్షల్లో మా తరగతిలో ఒకడు తప్పాడు. అతను మళ్లీ రాసి గట్టెక్కేదాకా ప్రతాప్ సొంతూరికి పోకుండా పక్కన కూర్చుని లెక్కలు చెప్పాడు. ఆ సంగతి విని మేడమ్ చాలాసేపు కళ్లు తుడుచుకున్నారట. మరుసటి ఏడు వానలు మొదలవకముందే ఆమె పోయారు.

ఇప్పుడు నా తరగతిలోనూ కొందరు ఈ పద్ధతికి మొహం మాడ్చుకుంటారు. వాళ్లను నేను తప్పుపట్టను. పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటూ తడబడుతుంటే జవాబు నా నోటిదాకా వస్తుంది. దాన్ని మింగి నిలబడతాను. పాఠం చెప్పడం నాకు తొందరగానే వచ్చింది. ఆ మౌనం అలవడడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.