దిగి నడిపిన బండి

మత్తయ్యకు ఒక్కటే పిచ్చి, మోటారు. కల్లు తాగడు, చుట్ట కాల్చడు. ఆదివారం ప్రార్థనలో కళ్ళు మూసుకున్నా ఏదో ఇంజను విప్పి బిగించుకుంటూనే ఉంటాడని భార్య ఏసమ్మ ఎగతాళి చేసేది. అతనిది మునగాల మాలపల్లె. చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా ఆ పరగణా అప్పట్లో ఇంగ్లీషువాళ్ళ కింద ఉండేది. అందుకని యుద్ధం రాగానే పట్టాళంలో చేరిపోయాడు. అస్సాంలో మిలిటరీ మోటారు షెడ్డులో పని నేర్చుకున్నాడు. యుద్ధం అయిపోయాక ఇంటికి పొమ్మన్నారు. ఇంటికొచ్చి చూస్తే బాగుచేయడానికి ఊళ్ళో ఒక్క మోటారూ లేదు. ఏసమ్మ పుట్టిన రావులకుంటకు మకాం మార్చాడు. సూర్యాపేటకూ మిర్యాలగూడకూ నడుమ ఉంటుంది ఆ ఊరు. అక్కడా మోటార్లు లేవు. కోటలాంటి దొర గడి ఉంది.

గడి ఉన్నచోట వెట్టి ఉంటుంది. పెళ్ళికి ముందు పన్నెండో ఏటి నుంచి ఏసమ్మ గడిలో వడ్లు దంచింది, తిరిగొచ్చాక మళ్ళీ దంచుతోంది. కూలి ఇవ్వరు. జ్వరమొచ్చినా పోవాలి. కడుపుతో ఉన్నప్పుడూ పోయింది. రోకలి పోటుకు ఆ కడుపు నిలవలేదు. మర్నాడు కూడా పిలుపొచ్చింది.

దొర పేరు రాజలింగారావు. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్ళు ఊళ్ళ మీదికి వచ్చినప్పుడు పెట్టెలు సర్దుకుని బెజవాడ పారిపోయాడు. నిజాం దిగిపోయాక యూనియన్ మిలిటరీ వెనకాలే కోదాడ మీదుగా తిరిగొచ్చాడు. పారిపోయినవాడు కాస్త సిగ్గుపడుతూ వస్తాడని ఊళ్ళో కొందరు అనుకున్నారు. అతను జీపులో వచ్చాడు. యుద్ధం సామాను వేలం వేస్తుంటే కొన్న బండి అది. కొండలెక్కీ బురద తొక్కీ అరిగిపోయిన బండి. స్టీరింగు ఎడమ పక్కన ఉండేది. బెజవాడ నుంచి దాన్ని తోలుకొచ్చినవాడు ఊరి పరిస్థితి చూసి ఆ సాయంత్రమే వెనక్కి పోయాడు. జీపు గడి ముందు కోళ్ళు ఎక్కి కూర్చునే అరుగైంది.

దొర మత్తయ్యను పిలిపించాడు.

"మత్తిగా, దీని ఎనక భాగం కోసి లారీ లెక్క చేస్తవా? వడ్లు మిర్యాలగూడ మిల్లుకు పోవాలె. ఎడ్లబండ్లు పంపితే సంఘపోళ్ళు నడుమ ఆపుతున్నరు."

"చేస్త దొరా. చేసినంక నడిపేదెవరు?"

"నువ్వే నడుపు. ఇంకెవనికొస్తది?"

మత్తయ్య కదల్లేదు. తువ్వాలు నడుముకు చుట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఇంకేందిరా?"

"డ్రైవరంటే నౌకరి గద దొరా. డ్రైవరు పెండ్లాం వెట్టి చేస్తదా?"

దొర నవ్వాడు. గడి వాకిట్లో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా చెప్పాడు. "ఒక్కసారి వడ్లు మిల్లుల పడనియ్యి. ఆ దినం నుంచి నీ పెండ్లాం దంపుడుకు రాకున్నా సరే, పో."

ఆ ఒక్క మాట కోసం మత్తయ్య జీపును నిలువునా చీల్చాడు. కోయడానికి గ్యాసు లేదు, అతికించడానికి వెల్డింగు లేదు. కమ్మరి కొలిమి ఒక్కటే దిక్కు. ముందు సీట్ల వెనక నుంచి రేకును ఉలితో, సుత్తితో అంగుళం అంగుళం తెంపాడు. సూర్యాపేట రోడ్డు పక్కన తుప్పుపట్టి పడి ఉన్న లారీ నుంచి రెండు ఇనుప దూలాలు ఊడదీసి, కొలిమిలో కాల్చి, చాసిస్ తోకకు రివిట్లు కొట్టి పొడవు పెంచాడు. అదే లారీ కమాన్ పట్టీలు తెచ్చి వెనక చక్రాల మీద అదనంగా కట్టాడు, బరువుకు కుంగకుండా. ఊరి వడ్రంగి తుమ్మ చెక్కలతో తొట్టి చేశాడు. చేతులు రెండూ బొబ్బలెక్కి గోళ్ళు నల్లబడ్డాయి. ఏసమ్మ అన్నం కలిపి నోట్లో పెట్టేది.

"పట్నపోళ్ళు సూస్తే దీన్ని లారీ అంటరా, దున్నపోతు అంటరా?" అని అడిగేది.

"ఏమన్న అననియ్యి. నువ్వు మాత్రం రోకలి పట్టవు."

దొర ఒక్కటే మార్పు చెప్పాడు. తన సీటుకూ డ్రైవరు సీటుకూ నడుమ చెక్క నిలబెట్టమన్నాడు, మైల తగలకుండా. మత్తయ్య నిలబెట్టాడు. అతనూ ఒక్క మాట చెప్పుకున్నాడు. "చేతి బ్రేకు ఇంత బరువును ఆపదు దొరా. కాలి బ్రేకే గతి." దొర సగం విన్నాడు.

బండి తయారైన రోజు ఊరంతా తిప్పి గడి వైపు తోలుకొచ్చాడు. చావడి దగ్గర సుంకరి బుచ్చయ్య కర్ర అడ్డం పెట్టాడు. బుచ్చయ్య గడికి కాపలా, ఊరికి చాటింపు.

"దిగు."

"దిగుడేంది? బండి దొరదే గద."

"గడి ముంగట ఎవలన్న బండి మీద కూసొని పోయిండ్రా? నీ తాత పోయిండా? దిగు."

అది ఆ ఊరి కట్టు. గడి ముందు నుంచి పోయేవాడు గుర్రమైనా దిగాలి, ఎడ్లబండైనా దిగాలి. చెప్పులు చేత పట్టుకోవాలి. చావడి దగ్గర దిగి, దిగుడుబావి దాటాక ఎక్కాలి. మిలిటరీ వచ్చినా, నిజాం పోయినా ఆ కట్టు ఉన్నచోటే ఉంది. మత్తయ్య దొర దగ్గరికే పోయి అడిగాడు. దొర మేడ మీద నుంచి జవాబిచ్చాడు.

"బండి నాదేరా. దాని మీద కూసునే ముడ్డి నాది కాదు గద."

వాకిట్లో నవ్వులు. వెట్టివాళ్ళు కూడా నవ్వారు. నవ్వకపోతే వాళ్ళ వంతు వస్తుంది.

అప్పటి నుంచి గడి ముందు ఆ బండిని మనుషులు నెట్టేవాళ్ళు. ఇంజను ఆపేసి మత్తయ్య కిందికి దిగి, జీపుకు తలుపు లేదు కనుక ఎడమ పక్క నడుస్తూ చెయ్యి లోపలికి చాచి స్టీరింగు తిప్పేవాడు. నాలుగైదు రోజుల్లోనే అది ఎంత అలవాటైందంటే, పక్కకు చూడకుండా ఒంటి చేత్తో మలుపు తిప్పేవాడు. చూడడానికి వచ్చిన పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. అతనికి అది విద్య అనిపించింది. నన్నడిగితే అక్కడే చెడింది. అవమానాన్ని చేతకానివాడు భరిస్తాడు, చేతనైనవాడు దాన్ని కూడా బాగా చేసి చూపిస్తాడు.

వడ్లు ఎత్తే రోజు వచ్చింది. తొట్టి నిండా బస్తాలు. గడి మిట్ట మీద ఉంటుంది, అక్కడి నుంచి బావి దాకా పల్లం. వెనక తాళ్ళు కట్టి బుచ్చయ్యా మరి కొందరూ పట్టుకున్నారు. మత్తయ్య ఎప్పటిలాగే ఎడమ పక్క నడుస్తున్నాడు. దొర మేడ మీద నిలబడి చూస్తున్నాడు.

సగం పల్లం దిగేసరికి ఒక తాడు తెగింది. రెండోది పట్టుకున్నవాళ్ళను ఈడ్చుకుపోతూ జారింది. బండి వేగం అందుకుంది.

ఎగిరి సీట్లో కూర్చుంటే అయిపోయేది. బ్రేకు మీద రెండు కాళ్ళూ వేసి తొక్కితే ఆగేది. పట్టాళంలో అతను ఇంతకన్నా నిటారు కొండల మీద ఆపాడు. కాని అది గడి ముందు. అతని ఒళ్ళు సీటు వైపు పోలేదు. బయట నుంచే కుడి కాలు లోపలికి చాచి బ్రేకు అందుకోబోయాడు, ఎడమ కాలి మీద కుంటుకుంటూ, గెంతుకుంటూ. బ్రేకు అందింది. తొక్కాడు. బండి ఆగింది. వెనక చక్రం అతని ఎడమ పాదం మీదికి ఎక్కి, సరిగ్గా అక్కడే ఆగింది.

బ్రేకు వదిలితే కాలు బయటికొస్తుంది, బండి బావిలోకి పోతుంది. వదలకపోతే బండీ వడ్లూ ఆ పాదం మీదే ఉంటాయి. మత్తయ్య వదల్లేదు. ఒక్కొక్క బస్తా దించేదాకా, చక్రాలకు రాళ్ళు పెట్టేదాకా అలాగే తొక్కి పట్టి నిలబడ్డాడు. అరవలేదు. మేడ మీద నుంచి దొర అడిగాడు.

"వడ్లు ఒలికినయా?"

"లేదు దొరా," అన్నాడు బుచ్చయ్య.

పాదం పాదంలా లేదు. ఏసమ్మ రోకలి పారేసి పరుగెత్తుకొచ్చి దొర దగ్గర ఎడ్లబండి అడిగింది, సూర్యాపేట దవాఖానకు.

"బండ్లన్ని మిల్లుకు పోతున్నయి. నీ మొగడు లారీని ఆడ పండబెట్టె, మరి వడ్లు నీ నెత్తి మీద పోతయా? పసుపు కట్టు, తగ్గుతది."

పసుపు కట్టింది. రెండు రోజులకు కాలు నల్లబడి వాసన వేసింది. మూడో పొద్దున ఏసమ్మ గుడిసె ముందు నిలబడి పల్లం వైపు చూసింది. లారీ ఖాళీగా, రాళ్ళ మీద ఆనుకుని ఉంది.

"బండున్నది గద," అన్నది.

"నడిపేటోడు?"

"నువ్వే."

"పిచ్చిదానా, క్లచ్చి ఎడమ కాలుతోని తొక్కాలె."

"ఆ కాలు చేసే పనేందో నాకు చెప్పు. నేను చేస్త."

ఇద్దరు బంధువులు అతన్ని మోసుకుపోయి సీట్లో కూర్చోబెట్టారు. ఏసమ్మ అతని కాళ్ళ దగ్గర బండి అడుగున ముడుచుకుంది. దెబ్బకాలు ఆమె భుజం మీద. రెండు చేతులూ క్లచ్చి మీద. దంచిన చేతులు కనుక బలం తక్కువ కాదు.

"తొక్కు," అనేవాడు. గేరు వేసేవాడు. "మెల్లగ వదులు. మెల్లగ. కుండ దించినట్టు."

సూర్యాపేట దారి గడి ముందు నుంచే పోవాలి. పొద్దెక్కుతోంది. దొర మేడ మీద వేపపుల్ల నములుతున్నాడు. బుచ్చయ్య కర్ర ఎత్తాడు, "దిగు" అని సగం అని, ఆమె భుజం మీది కాలును చూసి మొహం తిప్పుకున్నాడు.

"నేను కూసోలే గద, కిందనే ఉన్న," అంది ఏసమ్మ, తల ఎత్తకుండా. మత్తయ్య నవ్వాడట. ఆ నెలలో అదే కడపటి నవ్వు.

సూర్యాపేట డాక్టరు మంచివాడే. వచ్చేసరికే ఆలస్యమైందని మోకాలి కింద తీసేశాడు. ఆ సాయంత్రమే దొర మనిషి పోలీసు క్యాంపుకు పోయి ఫిర్యాదిచ్చాడు. లారీని సంఘం వాళ్ళు ఎత్తుకుపోయారని. లారీ దవాఖాన ముందే దొరికింది. మత్తయ్యను మంచం మీద నుంచే తీసుకుపోయారు.

క్యాంపు అధికారికి తెలుగు రాదు. తర్జుమాకు ఒక కానిస్టేబులు ఉన్నాడు.

"బండి ఎవరు తోలుకొచ్చిన్రు?"

"నేనే సార్."

"కాలు లేనోడివి ఎట్ల తోలినవ్? సంఘపోళ్ళ పేర్లు చెప్పు."

"నా పెండ్లాం క్లచ్చి తొక్కింది."

ఈ మాట తర్జుమా కాగానే గదంతా నవ్వింది. తర్వాత కట్టు మీద లాఠీ ఆనించి, మెల్లగా నొక్కుతూ మళ్ళీ అడిగారు. చెప్పడానికి అతని దగ్గర ఒక్క పేరూ లేదు. ఆడదాని చేతులతో మోటారు నడుస్తుందని వాళ్ళు నమ్మరు. రోజూ ఇదే. చివరికి ఒక రాత్రి కానిస్టేబులుకే విసుగొచ్చి, నీళ్ళిస్తూ చెవిలో చెప్పాడు.

"నడిపి సూపియ్యి, దెబ్బలు ఆగుతయి. కాని సూడు, నడిపితే దొంగవు, నీ ఒక్కని మీదే కేసు. నడపకుంటే దొంగల మనిషివి. ఏది కావాల్నో నువ్వే తేల్చుకో."

"సంఘపోళ్ళ మనిషినైతే ఏసమ్మను గూడ తెస్తరా?"

"ఇంటిల్లిపాదిని తెస్తరు."

"అయితే నడుపుత."

మర్నాడు ఏసమ్మను పిలిపించారు. లారీని క్యాంపు మైదానంలోకి నెట్టుకొచ్చారు. జవాన్లు చుట్టూ చేరారు, బీడీలు ముట్టించారు. మత్తయ్యను ఎత్తి సీట్లో పడేశారు. ఆమె కింద ముడుచుకుంది. ఈసారి భుజం మీద పెట్టడానికి పాదం లేదు. కట్టు చుట్టిన మొండికాలు ఆమె చెంపకు తగులుతోంది.

"ఎందుకు తోలుమంటున్నరు? ఇడిసిపెడ్తరా?" అని అడిగింది.

"ఆఁ," అన్నాడు. "తొక్కు."

ఇంజను అందుకుంది. బండి కదిలింది. మైదానం చుట్టూ తిరిగింది. "తొక్కు" అన్నప్పుడల్లా ఆమె తొక్కింది. "వదులు" అన్నప్పుడల్లా కుండ దించినట్టు వదిలింది. గేరు ఒక్కసారి కూడా కీచుమనలేదు. నవ్వుతున్న జవాన్లు కాసేపటికి నవ్వడం మానేశారు. ఒకడు శభాష్ అన్నాడు. అధికారి చెయ్యెత్తి "బస్" అన్నాడు. ఇక అతనికి సందేహం లేదు. దొంగ వీడే.

మత్తయ్య బ్రేకు తొక్కి బండి ఆపాడు. అప్పుడు కానిస్టేబులు బేడీలతో రావడం ఆమెకు కనిపించింది. అంతకుముందు రాత్రే తేల్చుకున్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. అయినా అర్థమైంది.

"ఇగ వదులు, ఏసమ్మా."

ఆమె క్లచ్చిని అలాగే అదిమి పట్టుకుంది.

"అయిపోయింది. వదులు."

వదల్లేదు. ఇద్దరు జవాన్లు ఆమె వేళ్ళు ఒక్కొక్కటే ఊడదీశారు. కడపటి వేలు రాగానే గేరులోనే ఉన్న బండి ఒక్క ఎగురు ఎగిరి, ఇంజను ఆగిపోయింది.