పండుగప్ప గుడ్లు తినని మా సార్

మా జువాలజీ సార్ పోయారని సూర్యాపేట నుంచి పొద్దున్నే ఫోన్ వచ్చింది. చేసింది ఆయన భార్య, మేమంతా అమ్మా అని పిలిచే మనిషి. నిద్రలోనే పోయారట. ఏడుపు మధ్యలోనే నాకో పని చెప్పింది.

"బిడ్డా, నువ్వు కోదాడలనే ఉంటివి గద. ఎల్లుండి త్రిపురారంల పిట్టకు పెడతం. గుడ్లున్న పండుగప్ప ఒకటి తీస్కరా. సముద్రందే గావాలె, చెరువుల పెంచింది వద్దు."

గుడ్లున్నదేనా అని రెండుసార్లు అడిగాను. సార్ దగ్గర చదివిన వాళ్లెవరైనా అడుగుతారు. మూడో రోజు పిట్టకు, అంటే కాకికి, పెట్టేటప్పుడు పోయినవాళ్లకు ఇష్టమైనవే వండుతారు. సార్ చేప గుడ్లు ముట్టుకోవడం మేము ఏళ్ల తరబడి చూడలేదు.

2001లో నేను తిరుమలగిరి నుంచి సూర్యాపేటకు డిగ్రీ చదవడానికి వచ్చాను. మాది గొర్ల కాపరుల ఇల్లు. బోరులో నీళ్లు పడితే అదే మాకు పండగ, ఇక సముద్రం ఎక్కడిది! సార్ కూడా సముద్రాన్ని ఎక్కువసార్లు చూసినవారు కాదు. అయినా సముద్రపు చేపల గురించి సొంత మేనత్త సంగతులు చెప్పినట్టు చెప్పేవారు. ప్రాక్టికల్ ఉందంటే తనే కోదాడ వెళ్లి, బందరు వైపు నుంచి ఐసుపెట్టెల్లో వచ్చిన చేపల్ని కొని బస్సులో తెచ్చేవారు. బస్సు ఎంత కిక్కిరిసినా ఆ రోజు సార్ పక్క సీటు మాత్రం ఖాళీగానే ఉండేది.

ఒకరోజు చిన్న పండుగప్పను కోసి, "ఇది మగది. ఇంకొన్నేండ్లు బతికి పెద్దగైతే ఆడది అయ్యేది" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. సార్ కోప్పడలేదు. వెనక బెంచీలో ముడుచుకుని కూర్చున్న నన్ను లేపారు.

"మీ ఇంట్ల గొర్లున్నయి గదమ్మా. అంగట్ల ఏవి అమ్ముతరు?"

"పొట్టేళ్లు సార్."

"గొర్రెలనెందుకు అమ్మరు?"

"ఈనే గొర్రెలను అమ్ముకుంటే మంద ఎట్ల నిలుస్తది సార్?"

సార్ కత్తి కింద పెట్టేశారు. "ఇన్నరా? గామె ఇంట్ల చెయ్యని పని మనం సముద్రంల జేస్తున్నం. అందరికీ పెద్ద చాపనే గావాలె. పండుగప్పల పెద్దదంటే తల్లి. తల్లులన్నిటిని ఏరి ఐసుల పెడితే సముద్రంల మొగ పిల్లలే మిగుల్తయి. వాటిల కొన్ని తొందరపడి చిన్నగున్నప్పుడే తల్లులైతయనుకో, గంత చిన్న కడుపుల ఎన్ని గుడ్లు పడతయి?"

నేనిప్పుడు కోదాడలో అదే పాఠం చెబుతున్నాను. అంతకన్నా బాగా చెప్పడం నాకింకా చేతకాలేదు.

ప్రాక్టికల్ అయ్యాక మిగిలిన చేపలు సార్ ఇంటికి, వాటి వెనకాలే మేమూ. అమ్మది కోదాడ. గుడ్లను పసుపు నీళ్లలో ఉడికించి, ముక్కలు కోసి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి వేయించేది. సార్ ఆ వేపుడంటే పడి చచ్చేవారు. ఒకసారి అందరం తింటుంటే మాలో ఒకడు ఊరికే, "సార్, తల్లిని ముట్టొద్దంటిరి, మరి గివేంది?" అన్నాడు. సార్ పళ్లెం వైపు చూసి పకపకా నవ్వారు. "నేనే దొరికిపోయినరా" అంటూ తన పళ్లెంలోని గుడ్లు వాడి పళ్లెంలో వేశారు.

అంతే, మళ్లీ తినలేదు. చిన్నపిల్లల మాటకు తిండి మానుకుంటారా అని అమ్మ పోట్లాడింది. "పాఠం జెప్పినోడే పళ్లెంల గుడ్లు పెట్టుకుంటే ఎవడు నమ్ముతడు?" అన్నారట. తినేవాళ్లను మాత్రం ఏనాడూ ఒక్క మాట అనలేదు. మిర్యాలగూడలో నా పెళ్లి విందులో ఎవరో గుడ్ల వేపుడు వడ్డిస్తే పక్కవాళ్ల విస్తట్లోకి జరిపి, "నాకు పడదు" అన్నారు. ఆయనకు రుచి విరిగిపోయిందనే అనుకున్నాను.

గుడ్లున్న సముద్రపు పండుగప్ప ఇప్పుడు అడగ్గానే దొరకదు. చేపల షాపతనికి ముందే చెప్పిపెట్టి, దొరికినదాన్ని త్రిపురారం తీసుకెళ్లాను. అది సార్ సొంతూరు. కాలువ కింద ఆయన పొలం. అక్కడే దహనం చేశారు, అక్కడే వంట. గిన్నెలోకి తొంగి చూసిన పాత విద్యార్థి ఒకడు ఉండబట్టలేక, "అమ్మా, సార్ పేరు మీద గుడ్లు పెట్టుడు తప్పు గదా?" అన్నాడు.

అమ్మ గరిటె ఆపలేదు. "ఆయన తినుడు మానిండ్రు, ఆశ మానలే. మా తమ్ముడొచ్చి వండించుకున్నప్పుడల్లా పొయ్యి కాడికొచ్చి నిలబడేటోరు. ఒక్క ముక్క తినండి, ఎవరూ సూస్తలేరంటే తలకాయ అడ్డంగ ఊపి బయటికి పోయేటోరు. అది మీకేం దెలుసు?"

ఆయన అన్నేళ్లు ఆశను బిగబట్టుకుని మాకు పాఠం చెప్పారని నాకు అప్పుడు తెలిసింది.

గట్టు మీద విస్తరి వేసి అన్నం, మటన్, పప్పు, గుడ్ల వేపుడు పెట్టి అందరం వెనక్కి జరిగాం. పిట్ట ముట్టకపోతే పోయిన మనిషికి కోరిక తీరనట్టే. కాకులు కరెంటు తీగ మీద కూర్చున్నాయి కానీ దిగడం లేదు. సార్ వాళ్లన్న చేతులు జోడించి, "ఏం మిగిలిందిరా తమ్మీ? ఏదున్నా మేం జేస్తం" అన్నాడు. అయినా రాలేదు. అమ్మ ముఖం చూడలేకపోయాను.

చివరికి ఒక కాకి దిగింది. మటన్ వైపు పోలేదు. గెంతుతూ వచ్చి గుడ్ల వేపుడు దగ్గర ఆగి, ముక్కు వంచబోయి, తల తిప్పి మా విద్యార్థులం నిలబడ్డ వైపు చూసింది.

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని ఒకడుగు ముందుకు వేసింది. ఇన్నేళ్లూ ఆమె కూడా ఆయన్ను మాలాగే సార్ అనే పిలిచేది.

"క్లాసయిపోయింది సార్" అంది. "ఇగ తినండి."