సీసాలమ్మ పరీక్ష

నేను కెమిస్ట్రీ హెడ్డుగా ఉన్న కాలేజీలో, ల్యాబు అటెండరుగా చేసే ఆమెను అందరూ సీసాలమ్మ అనేవారు. భర్త పోయాక ఆయన పని తాత్కాలికంగా ఈమెకిచ్చారు. ఆ తాత్కాలికం పద్దెనిమిదేళ్లు సాగింది. చివరికి ఇంటర్ పాసైతే పర్మనెంటు, లేకపోతే ఇంటికే అన్నారు. వయసు లెక్కన ఆ ఏడాదే ఆఖరి అవకాశం. ఏ సీసా ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగల మనిషికి వేలెన్సీ అనగానే కాళ్లూ చేతులూ ఆడేవి కావు.

ఇంట్లో పాఠం అప్పజెప్పించుకునేది అత్తగారు. ఆవిడకు అక్షరం ముక్క రాదు. పుస్తకం తలకిందులుగా పట్టుకునే, "ఆమ్లం, క్షారం కలిస్తే లవణమూ నీరూ అని నిన్న చెప్పావు కదే, ఇవాళ నీరేమైంది?" అని నిలదీసేది. విని విని ఆవిడకే మొత్తం కంఠతా వచ్చేసింది. ఆమె ఇవన్నీ చెబుతుంటే, పరీక్షకు అత్తగారినే పంపించెయ్యమని నేను ఏడిపించేవాణ్ణి.

ప్రాక్టికల్స్ రోజు, అదేమిటో కనిపెట్టమని ఆమెకు ఒక తెల్లటి లవణం ఇచ్చారు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ పక్కన నేనున్నాను. ఆమె దాన్ని పరీక్షనాళికలో వేసి, సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం పోసి వేడిచేసింది. అమ్మోనియా ఘాటు గుప్పుమంది. పక్కనున్న పిల్లలు ముక్కులు మూసుకున్నారు. ఆమె మాత్రం నాళిక మూతి దగ్గర చేత్తో ముక్కు వైపు విసురుకుని, పేపరు మీద 'వాసన లేదు' అని రాసింది. ఆ ఒక్క మాటతో ఆమె ఉద్యోగం పోయేలా ఉంది.

అప్పుడు తలెత్తి చూసింది. అందరి చేతులూ ముక్కుల మీదే ఉన్నాయి. ఎర్ర లిట్మస్ కాగితం తడిపి నాళిక మూతి దగ్గర పెట్టింది. అది నీలంగా మారింది. ముందు రాసింది కొట్టేసి, 'వాసన నాకు తెలియలేదు. లిట్మస్ నీలమైంది. అమ్మోనియం' అని రాసింది.

ఎగ్జామినర్ అది చదివి, ఈ గదిలో ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన నావైపు చూశాడు. ల్యాబులో ఆసిడ్ల పొగ బయటికి లాగే ఫ్యాను చెడిపోయిందని ఆమె నాతో ఎన్నిసార్లు మొరపెట్టుకుందో, చూద్దాంలే అని నేనెన్నిసార్లు దాటేశానో ఆయనకు తెలియదు. సిగ్గుతో తలవంచుకున్నాను.

ఆమె పాసైంది. పర్మనెంటు కాగితం నా చేత్తోనే ఇచ్చాను. ఆమె కళ్లు తుడుచుకుంది.

"ఇంక భయం లేదు సార్. రిటైరయ్యేదాకా ఈ గదిలోనే ఉంటాను."