ఫెయిలు అన్న మాట చాటున

నేను బడికి పోయింది మూడో తరగతి దాకే. ఆ ఏడు నేను లెక్కల్లో తప్పానని చెప్పడానికి పంతులు మా ఇంటికే వచ్చాడు. "నీ కూతురు ఫెయిలు" అన్నాడు. మా నాయన ఆ మాట ఎన్నడూ వినలేదు.

"అంటే ఏంది సామీ?"

"అంటే, రేపట్నించి మేకలు తోలుకొని పొమ్మను."

అట్లా దాని అర్థం తెలిసింది. నాకు వచ్చిన మొదటి ఇంగ్లీషు మాట అదే.

అంతకుముందు మా వైపు ఒక్కో నష్టానికి ఒక్కో మాట ఉండేది. పరీక్ష తప్పినాడు అంటే తప్పు వాడిది. వాన మొహం చాటేసింది అంటే తప్పు వానది. మాట వింటేనే ఎవరిని తిట్టాలో తెలిసేది. ఫెయిలు వచ్చాక అన్నీ అందులోకే పోయాయి. బోరు ఫెయిలు, మోటరు ఫెయిలు, కంది ఫెయిలు, కుదరబోయిన సంబంధం కూడా ఫెయిలే. ఆ మాట అన్నాక ఎందుకని ఎవరూ అడగరు. అయ్యో అని ఊరుకుంటారు. అందులో దాక్కోవచ్చని మా ఆయన పోయాక గానీ నాకు తెలియలేదు.

మాది రాచర్ల దగ్గర పల్లె. మా బోరు నీళ్లు పోసిన బిందె అడుగున తెల్లగా గారకడుతుంది. ఆ నీళ్లలో కందిపప్పు ఉడకదు, ఎంతసేపు పొయ్యి మీద ఉన్నా బద్ద బద్దగానే ఉంటుంది. ఊళ్లోకి ఆటోలో ఫిల్టర్ నీళ్ల క్యాన్లు రావడం మొదలయ్యాక నేను వారానికి ఒక్కటి తీసుకునేదాన్ని. అది పప్పుకు. ఆ నీళ్లయితే కుక్కర్లో నాలుగు కూతలకే ఉడికిపోయేది, గ్యాసు మిగిలేది. తాగడానికి మాత్రం బోరు నీళ్లే. పుట్టినప్పటి నుంచీ తాగుతున్నవే కదా అనుకున్నాను.

మా ఆయన ఎప్పుడైనా చెంబు పట్టుకుని క్యాన్ దగ్గరికి పోతే నేను వంటింట్లోంచే అరిచేదాన్ని.

"ఏమయ్యో, దాన్ని ముట్టొద్దు. అవి పప్పుకు."

"పప్పుకున్న మర్యాద నాకు లేదేమే?"

"నువ్వు ఉడికేదేముంది? పో, కుండలో ముంచుకో."

నవ్వి ముంచుకునేవాడు. అరుగు మీద నలుగురికీ చెప్పి నవ్వించేవాడు కూడా: "మా ఇంట్లో కందిపప్పు అల్లుడు, నేను పాలేరు."

కొన్నాళ్లకు ఆయన కాళ్లు వాచాయి. చెప్పులు పట్టడం లేదంటే, కొత్తవి ఎందుకని పాతవాటి పట్టీ కోసి వదులు చేసి ఇచ్చాను. తర్వాత మొహం ఉబ్బింది. అప్పుడు ఇద్దరం బస్సెక్కి మార్కాపురం పోయాం. పరీక్షలన్నీ చేయించి, డాక్టరు ఆ కాగితాలు చూసి చెప్పాడు.

"పెద్దాయనా, రెండు కిడ్నీలూ ఫెయిలయినాయి." ఆ వెంటనే అడిగాడు, "ఇంట్లో ఏం నీళ్లు తాగుతారు? బోరు నీళ్లేనా?"

మా ఆయన నా వైపు చూడనైనా చూడలేదు.

"లేదు సార్. ఫిల్టర్ నీళ్లే. మా ఇంటిది క్యాను తెప్పిస్తాది."

"మరి నొప్పులకు బిళ్లలు మింగినావా?"

"మింగినా సార్. మోకాళ్లకు. శానా ఏండ్లు."

అదీ అబద్ధమే. ఆయనకు బిళ్ల మింగడమంటే భయం, మోకాళ్లకు ఆముదమే పూసుకునేవాడు. డాక్టరుకు కోపం వచ్చింది. "ఎవరు మింగమన్నారు? అడిగేవాళ్లు లేరా నీకు?" అని చాలాసేపు తిట్టాడు. మా ఆయన తల వంచుకుని అన్నీ పడ్డాడు. నేను పక్క కుర్చీలో చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క మాట చెబితే అయిపోయేది. చెప్పలేదు.

తిరుగు బస్సులో అడిగాను.

"ఎందుకట్ల చెప్పినావు?"

"నువ్వు ఊరందర్నీ తిట్టేదానివే గానీ, ఒకరితో తిట్లు పడిందానివి కాదు. ఓర్సుకోలేవు. ఇంగ దీన్ని ఇడ్సిపెట్టు."

ఆ రోజు నుంచి ఇంట్లో తాగడానికి క్యాన్ నీళ్లే పెట్టాను. కానీ డయాలసిస్ మొదలయ్యాక నీళ్లు తగ్గించాలన్నారు. రోజుకు ఇన్ని అని కొలిచి ఇవ్వాలి. మంచినీళ్లు వచ్చేసరికి తాగే వీలు లేకుండా పోయింది. "ఇంకొక్క గుక్క పొయ్యే" అని అడిగేవాడు. "పోయగూడదంట" అని గ్లాసు తీసేసుకునేదాన్ని. తడి గుడ్డ ఇస్తే పెదాలకు అద్దుకునేవాడు.

ఏడాది తిరగకుండానే పోయాడు. చూడవచ్చినవాళ్లు ఏమైందని అడిగితే కిడ్నీలు ఫెయిలన్నాను. అయ్యో అన్నారు. అంతే.

మొన్న మనవరాలు వచ్చింది. నా కూతురి కూతురు, గిద్దలూరులో డిగ్రీ చదువుతోంది. నేను చింతపండులో గింజలు తీస్తుంటే ఎదురుగా కూర్చుని ఫోను చూస్తూ అంది:

"అవ్వా, నీకొచ్చిన ఇంగ్లీషు మాట ఒకటి చెప్పు. అది యాడ పుట్టిందో చెప్తా."

"ఫెయిలు."

పకపకా నవ్వింది. కాసేపు వెతికి చదివింది. "లాటిన్ నుంచి ఫ్రెంచిలోకి, ఆడనుంచి ఇంగ్లీషులోకి వచ్చిందంట. మొదట్లో మోసం చేసేదానికి, మనిషిని పడేట్టు చేసేదానికి అనేవాళ్లంట. ఎట్లుంది?"

చేతిలో చింతపండు కింద పెట్టాను. ఇన్నాళ్లూ నేను ఆ మాట చెప్పి తప్పించుకున్న మొహాలన్నీ గుర్తొచ్చాయి. అప్పుడు చెప్పాను. క్యాను సంగతి, డాక్టరు అడిగింది, వాళ్ల తాత చెప్పింది, నేను నోరు మూసుకున్నది. దాని మొహంలో నవ్వు పోయింది.

"నీళ్ల వల్లేనని డాక్టరు చెప్పలేదు గదవ్వా. ఊళ్లో శానామంది ఆ నీళ్లే తాగినారు."

"తాగినారు. వాళ్లిండ్లల్లో మంచినీళ్లు లేవు. మనింట్లో ఉండె."

అది ఏడుస్తూ నా చేయి పట్టుకోబోయింది. చింతపండు చేతులని వెనక్కి తీసుకున్నాను. నాకు కావలసింది ఓదార్పు కాదు, తిట్లు. తిట్టగలిగిన మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయనకు తెలిసి కూడా, ఒక్క మాట అనకుండా పోయాడు.